బొమ్మల యిండ్లు

ఇతరుల యింటిలోనికి తొంగిచూచుట మర్యాద కాదని మా తాతగారు నాకు చిన్ననాడే నేర్పిరి. ఆ మర్యాదను నేను వారమున కొకసారి, శనివారము రాత్రి భోజనములైన పిమ్మట, సకుటుంబముగ నతిక్రమించుచున్నాను. దోషము లేదనను. కాని ఆ యిండ్లవారే తలుపులు తెరచి, దీపములు పెట్టించి, ఛాయాచిత్రములు తీయించి, అచ్చువేయించి యమ్ముచున్నారు గనుక దోషములో సగము వారికిని పంచుచున్నాను. నేను చెప్పునది గృహాలంకార పత్రికలను గూర్చి.

మాది తీరికలేని కుటుంబము. నేను గుడివాడలో నొక ఉన్నత పాఠశాలయందు ఇంగ్లీషు చెప్పుదును. సంస్కృతమును నేర్చితిని గాని దానిని చెప్పుమని యడుగువారు లేరు. నా భార్య తపాలా కార్యాలయములో గుమాస్తా. ఎనిమిదిన్నర బస్సు తప్పినచో ఆమెకు సగము దినము సెలవు పోవును. అమ్మాయి ఇంటర్మీడియెటు రెండవ సంవత్సరము, అబ్బాయి ఎనిమిదవ తరగతి. మా అమ్మకు డెబ్బదినాలుగేండ్లు. ఇంటిలో తీరికగల మనిషి ఆమె యొక్కతెయే గాని, ఆ సంగతి ఆమె యొప్పుకొనదు. ఇట్టి మే మయిదుగురము ఒక్క దీపము క్రింద, ఎవరి ఫోను వారు చూచుకొనక, అరగంటసేపు కూర్చుండు వేళ యిది యొక్కటియే.

పత్రికలు బెజవాడ ఏలూరు రోడ్డులోని పాతపుస్తకముల యంగళ్లలో దొరకినవి. మూడేండ్ల క్రిందట వ్యాకరణ గ్రంథమొకటి కొనబోయి, అది లేకపోగా, రిక్తహస్తములతో వచ్చుట యిష్టములేక ఒక కట్ట తెచ్చితిని. బొంబాయివి, లండనువి, అమెరికావి కలిసియుండెను. క్రొత్తవి కొనుట మా శక్తికి మించినది కాదు, మనస్సునకు మించినది. మూడేండ్ల పాత ఇల్లయినను చూచువారికి క్రొత్తయే గదా!

ఈ చూచుటలో సుఖమున్నది, దాచనేల? అద్దె లేక, బయానా లేక, సామాను బండి కెక్కింపక క్షణములో ఇల్లు మారవచ్చును. ఉదకమండలములో చలిమంట ప్రక్కన కూర్చుండవచ్చును. గోవాలో పాత వరండా చల్లదనమున కాళ్లు చాచుకొనవచ్చును. కేరళమున లారీ బేకరు కట్టిన యిటుకల జాలిగోడలో నుండి నేలమీద పడు వెలుగుచుక్కలను లెక్కపెట్టవచ్చును. నచ్చనిచో పుట త్రిప్పిన చాలును. యజమానికి నెల ముందుగ చెప్పనక్కరలేదు.

మాలో ఒక నియమ మేర్పడినది. ఒక్కొక్కరు ఒక్కొక్క యిల్లు ఎన్నుకొని, అందులో తా మెక్కడ కూర్చుందురో, ఏ వస్తువును బయట పారవేయుదురో చెప్పవలెను. మా అబ్బాయి దీనిలో నొక యుపక్రీడ కల్పించినాడు. దానిపేరు “తీగ యెక్కడ?” దీపము వెలుగుచుండును, పంకా తిరుగుచుండును, కాని విద్యుత్తు తీగ యొక్కటియు కనబడదు. తీగయే కాదు, చెప్పులు లేవు, బాల్చీ లేదు, గోడకు క్యాలెండరు లేదు, వానకాలమున హాలులో నారవేసిన బట్టలు లేవు, గ్యాసుబండ లేదు, బియ్యపు బస్తా లేదు, మందుల డబ్బా లేదు. మనుష్యులు ఉండరు, ఉన్నను చొక్కా మడత చెడకుండ నిలుచుందురు. మా అమ్మ కన్నులద్దము సవరించుకొని చాలసేపు చూచి, “ఈ యింటిలో పొయ్యి వెలిగిన జాడ లేదురా. అలిగి పస్తున్నవాళ్ల యిల్లులాగున్నది” అనును.

అమ్మాయి మాత్రము అలంకారములను చూడదు. తలుపులను చూచును. లోపల గడియగల గది యేదియో కనిపెట్టి, చిన్నదైనను సరియే, అదియే తనకు కావలెననును. మా అద్దెయింటిలో స్నానపుగదికి తప్ప లోగడియ మరి దేనికిని లేదు. మొదట నేను నవ్వితిని.

ఒకనాడు స్వీడను దేశపు ఐకియా వారి సామానుల పుస్తకమొకటి కట్టలో వచ్చినది. 1951లో మొదలైన ఆ వార్షిక గ్రంథము 2016 నాటికి 32 భాషలలో, 20 కోట్ల ప్రతులతో వెలువడెను. 2018 ఆగస్టులో ఆ సంస్థ మన దేశమున తొలి దుకాణమును హైదరాబాదులో తెరచినది. 2020 డిసెంబరులో పుస్తకమును మానివేయుచున్నామని ప్రకటించినది. అందులోని వస్తుచిత్రములలో నూటికి 75 ఛాయాచిత్రములు కావనియు, కంప్యూటరులో కల్పించినవనియు 2014లోనే ఆ సంస్థవారే వెల్లడించిరి. అనగా మేము తీగల కొరకు వెదకిన గదులలో కొన్ని యీ భూమిమీద కట్టబడనే లేదన్నమాట! మయుడు కట్టిన సభలో నేలను జూచి నీరనుకొని పంచె పైకెత్తుకొన్న దుర్యోధనుడు నాకు జ్ఞాపకము వచ్చెను. అబ్బాయి కిది తెలిసి, మోసము మోసమని పుస్తకమును మంచము క్రిందికి త్రోసినాడు. నాకు మాత్రము కోపము రాలేదు. కవులు చేసిన పని యిదియే గదా!

ఇట్టి వర్ణన మనకును క్రొత్త కాదు. వాత్స్యాయనుడు నాగరకుని గదిని వర్ణించినాడు. తెల్లని దుప్పటి పరచిన పడక, ఇరువైపుల తలగడలు, చిలుకకొయ్యకు తగిలించిన వీణ, చిత్రఫలకము, రంగుల పెట్టె, బయట పంజరములలో పక్షులు, తోటలో ఊయల. వీటితోపాటు ఏదో యొక పుస్తకము. ఏ పుస్తకమో చెప్పలేదు, ఏదైనను సరియే! నేటి పత్రికలలో బల్లమీద నుంచు లావుపాటి పుస్తకమునకును ఇదియే విధి. ఆ గది నంతయు వెదకినను అన్నము ఎవరు వండిరో తెలియదు. దీనికంటె నాకు మృచ్ఛకటికములోని విదూషకుడు చేసిన గృహసందర్శనము మేలుగ తోచును. వసంతసేన యింటి ఎనిమిది ప్రకోష్ఠములను ఒక్కొక్కటిగా చూచుచు పోయి, అయిదవ దానిలో ఇంగువయు నూనెయు కలిసిన వాసన తగులగానే ఆ బీదబ్రాహ్మణుని నోరూరినది. కాళ్లు కడుగుకొమ్మని యెవరైన పిలుతురేమో యని నిలిచినాడు. నే నెరిగిన గృహవర్ణనములలో వంటయింటి వాసన సోకినది అదియే.

వంటయింటి మాట వచ్చినది గనుక, నేను చెప్పదలచి వాయిదా వేయుచున్న సంగతి యిక చెప్పవలెను.

ఈ శనివారపు గోష్ఠులకు నా భార్య ఎప్పుడును చివరను వచ్చెడిది. మేము నలుగురము ఉదకమండలములో చలి కాచుకొనుచుండగా లోపల గిన్నెల చప్పుడు వినబడుచుండెను. ఆమె చేతులు తుడుచుకొనుచు వచ్చుసరికి పత్రికలో చివరి యిల్లు మిగిలియుండును. కూర్చుండి, రెండు పుటలు త్రిప్పి, “ఏమండీ, ఈ యింటిలో అంట్లు తోముకొను చోటేదీ?” అని యడుగును. మేము వెదకుచుండగానే ఆమెకు నిద్రవచ్చును. ఆ గిన్నెల చప్పుడును నేను రెండేండ్లకు పైగా, ఎదురింటివారి రేడియోవలె, విన్నాను.

2019లో కేంద్ర ప్రభుత్వము వారు జనుల కాలవినియోగమును లెక్కించిరి. ఆరేండ్లు నిండిన స్త్రీలలో నూటికి 81 మంది, పురుషులలో 26 మంది జీతములేని యింటిపని చేయుచున్నారట. చేయువారిని మాత్రమే లెక్కించినను దినమునకు స్త్రీకి 299 నిమిషములు, పురుషునికి 97. ఈ సంఖ్యలను నేను మహిళాదినోత్సవమున పాఠశాలలో చదివి వినిపించితిని. పిల్లలు చప్పట్లు కొట్టిరి. ఆ సాయంకాల మింటికి వచ్చి కాఫీ యడిగితిని.

నిరుడు మేము 120 గజముల స్థలములో ఇల్లు కట్ట సంకల్పించితిమి. బ్యాంకు ఋణము దొరకినది. తాపీమేస్త్రి యొకడు తన యలవాటు ప్రకారము ప్లాను గీయించి తెచ్చెను. తూర్పు వాకిలి. ముందుభాగమున హాలు 14 అడుగులకు 16. దాని ప్రక్కన ఆగ్నేయమూలను వంటయిల్లు, 6 అడుగులకు 9. వెనుక రెండు గదులు. సిద్ధాంతిగారు వంటయిల్లు ఏ మూలను ఉండవలెనో చెప్పిరి. ఎంత వెడల్పుండవలెనో చెప్పలేదు, మేమును అడుగలేదు. నాకు హాలు ఎంతయో నచ్చినది. మా పల్లెటూరి యింటి వీధియరుగులు జ్ఞాపకము వచ్చినవి. ఒక్కొక్క యరుగుమీద పదిమంది కూర్చుండి లోకవ్యవహారములు మాటలాడెడివారు. ఆ యింటి వంటగదికి కిటికీ లేదు. పొగ పోవుటకు చూరుక్రింద జానెడు గవాక్షముండెను. మా అమ్మ ఆ పొగలో ముప్పదియేండ్లు వండెను. ఆమె కన్నులలో నీరు కారుట చిన్నప్పుడు నేను ఉల్లిపాయల వలన ననుకొనెడివాడను.

ఆ దినములలో ఒక శనివారము లండను పత్రిక యొకటి తెరచితిమి. అందులో ఫ్రాంక్‌ఫర్ట్ వంటయిల్లను గూర్చి సచిత్రవ్యాస మొకటి యుండెను. నేను దానిని తెలుగు చేయుచు పైకి చదువుచుంటిని. ఈ కథ అమెరికాలో మొదలైనది. 1901లో లేడీస్ హోమ్ జర్నల్ అను స్త్రీల పత్రిక, ఫ్రాంక్ లాయిడ్ రైట్ గీసిన యిండ్ల నమూనాలను పాఠకులకు ప్రకటించినది. 1912లో ఆ పత్రికయందే క్రిస్టీన్ ఫ్రెడరిక్ అను నామె, కర్మాగారములలో కూలివాని కదలికలను కొలిచినట్లు వంటయింటిలో ఇల్లాలి యడుగులను కొలువవలెనని వ్రాసెను. పొయ్యికిని, అలమరకును, తొట్టికిని నడుమ ఆమె యెటునుండి యెటు నడచునో గీతలు గీసి చూపెను. ఒక పటమున గీతలు చిక్కుపడిన నూలువలె నుండెను; సామాను సర్దిన పిదప రెండవ పటమున కొద్ది గీతలే. ఆ రచనలు జర్మను భాషలోనికి పోయినవి. వానిని చదివిన మార్గరెటె ష్యూటె-లిహోట్స్కీ అను ఆస్ట్రియా దేశపు వాస్తుశిల్పిని 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు క్రొత్త యిండ్లకు వంటయిల్లు గీసెను. రైలుబండిలోని వంటగది ఆమెకు మాదిరి. ధాన్యములకు పేరులు చెక్కిన అల్యూమినియము సొరుగులు, కిటికీ క్రింద కూర్చుండి తరుగుకొను బల్ల, తిరుగుడు పీట, గోడకు మడచిపెట్టు ఇస్త్రీబల్ల, అన్నియు చేయి చాచిన దూరములో. అట్టివి సుమారు పదివేలు కట్టిరి. చిత్రమేమనగా, అది గీయునాటికి తనకు వంటపని బొత్తిగ తెలియదని ఆమెయే తరువాత చెప్పుకొన్నది.

ఆనాడు నా భార్య ముందుగనే వచ్చి ద్వారబంధమున కానుకొని వినుచుండెను. “ఎంత పొడవు, ఎంత వెడల్పు?” అని యడిగెను.

మీటర్లను అడుగులుగ మార్చి, వెడల్పు ఆరడుగులు దాటి కొంచెమనియు, పొడవు పదకొండనియు చెప్పితిని. ఆమె బీరువాలో నుండి ప్లాను తెచ్చి పత్రిక ప్రక్కన పరచెను. “అయితే నూరేండ్ల క్రిందటి యూరోపు పనివారికన్న మనకు రెండడుగులు తక్కువ. సరే. ఇందులో ఇద్దరు పట్టుదురా?”

ఆ వంటయింటిపై వచ్చిన ఆక్షేపణయే యది. వ్యాసము చివరి పేరాలో నున్నది. ఒక్కరికొరకే కొలిచి కట్టుటచేత రెండవవారు లోపలికి వచ్చుటకు వీలులేకపోయినదనియు, ఇల్లాలు ఆ చక్కని పెట్టెలో నొంటిదైనదనియు తరువాతివారు విమర్శించిరి. నేనది చదివి వినిపించితిని.

ఆమె నవ్వెను. “మీరును ప్రతి యింటిలో అదియే చెప్పితిరి గదా, చోటు లేదని.”

ఆమె మాట సత్యము. మా వివాహమై పందొమ్మిదేండ్లు. నాలుగు అద్దెయిండ్లు మారితిమి. పెండ్లయిన క్రొత్తలో ఆమె నన్ను వంటయింటిలోనికి పిలిచెడిది. నేను గడపమీద నిలిచి, లోపలికి చూచి, “ఇక్కడ నేను నిలుచున్నచో నీకే యడ్డము” అని, మర్యాదగా వెనుకకు వచ్చెడివాడను. ఆ మాటలో అబద్ధము లేదు. అందుచేతనే అది పందొమ్మిదేండ్లు చెల్లినది. ఇప్పుడు నా సొంత సొమ్ముతో, నా కిష్టమైన కొలతలతో కట్టుకొను ఇంటిలో గూడ అదే గడపను, అదే యడ్డమును గీయించుకొని, హాలు బాగున్నదని సంతోషించుచున్నాను. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మరునాడు ఆదివారము. అబ్బాయి సుద్దముక్కతో డాబామీద వంటయిల్లు గీసినాడు: ఆరడుగులు, తొమ్మిదడుగులు. తూర్పున రెండడుగుల గట్టు, పడమట అడుగున్నర అలమర. నడుమ మిగిలినది రెండున్నర యడుగుల సందు. ఆమె గట్టువైపు తిరిగి నిలిచెను, నేను వెనుక నిలిచితిని. గంజి వార్చు గిన్నెయని నీళ్ల గిన్నె నొకటి చేతికిచ్చితిమి. ఆమె తిరిగినంతనే మోచేయి నా రొమ్మునకు తగిలి, నీళ్లన్నియు నా పాదములపై పడెను.

“చన్నీళ్లు గనుక సరిపోయినది” అనెను.

అమ్మాయి గీత చెరిపి, మూడడుగులు ఉత్తరముగా జరిపి గీసినది. ఈసారి ఇద్దరము తగులలేదు. పిట్టగోడ ప్రక్కన నిలిచి చూచుచున్న మా అమ్మ, ఎవరితోను చెప్పక లోపలికి పోయి, తన ముక్కాలిపీట తెచ్చి, సుద్దగీతల నడుమ వేసికొని కూర్చుండెను. “నేనిక్కడ కూర తరుగుదును. నా కెంత చోటు కావలెనో ఇన్నేండ్లలో ఎవరు కొలిచిరిరా?” అనెను. నాకు నోట మాట రాలేదు.

ముగ్గు పోయుటకు ముహూర్తము నాలుగు దినములున్నది. మేస్త్రి వినగానే తల యడ్డముగా ఊపినాడు. “పంతులుగారూ, హాలు పదకొండడుగులైతే ఇల్లంతా చిన్నదిగా కనబడునండి. వచ్చినవారు చూచేది హాలే గదండీ” అన్నాడు. వానిని తప్పుపట్టలేను, వానికి పని తెచ్చిపెట్టువారు ఆ వచ్చినవారే. మా పెద్దన్నయ్య బందరు నుండి వచ్చి మరి గట్టిగా పట్టుకొనెను. “ఆడపిల్ల ఎదిగివచ్చినది. రేపు పెండ్లిచూపులకు పదిమంది వచ్చినచో ఎక్కడ కూర్చుండబెట్టుదువురా? వంటయింటిలోనా?” అనెను. మా అమ్మాయి లెక్కల పుస్తకమునుండి తల యెత్తక, “అట్లే చేయుదము పెదనాన్నగారూ. వచ్చినవారు కొంచెము కూర తరిగి పోవుదురు” అన్నది. అన్నయ్యకు కోపమును నవ్వును ఒక్కసారే వచ్చినవి, నవ్వు గెలిచినది. కాని భోజనము చేయువరకును హాలు హాలని గొణుగుచునే యుండెను.

ముహూర్తమునాడు మేస్త్రి దారము పట్టి, సున్నము చల్లబోవుచు నా ముఖము చూచినాడు. నేను నా భార్య ముఖము చూచితిని. ఆమె టేపు చివర పట్టుకొని తానే నిలుచుండెను. కొయ్యముక్కను పెరికి మూడడుగుల యవతల దిగగొట్టుటకు అర నిమిషము పట్టినది. ఇటుక గాని సిమెంటు గాని అదనముగ కాలేదు. నేను ఎంత గొప్ప సంస్కరణము చేయుచున్నానని రాత్రులు మేలుకొంటినో, అది యింతే!

గడచిన ఫాల్గునమున గృహప్రవేశమైనది. హాలు నిజముగనే ఇరుకు. అన్నయ్యవారు పిల్లలతో వచ్చినపుడు రెండు కుర్చీలు వరండాలోనికి పోవలసివచ్చును. ఆ క్షణమున నాకు మనసు చివుక్కుమనుటయు నిజమే. అమ్మాయి గదికి లోగడియ పెట్టించితిమి. మొదటి వారము దానిని వేసిన చప్పుడు దినమునకు పదిసార్లు వినబడినది. అబ్బాయి హాలులో కనబడు తీగలను లెక్కించినాడు. పదకొండు.

నేను అంట్లు తోముట నేర్చితిని, బియ్యము కడుగుదును, కూర తరుగుదును. వంకాయను ఉప్పునీళ్లలో వేయవలెనని నలుబదియారవ యేట తెలిసికొంటిని. పోపు మాత్రము నా కింకను అప్పగింపలేదు. రెండుసార్లు ఆవాలు మాడ్చితిని. రెండవసారి వీధిలోనివారు కూడ దగ్గిరి. శనివారపు గోష్ఠి యిప్పుడు వంటయింటిలోనే జరుగుచున్నది. మా అమ్మ పీటమీద, పిల్లలు అలమర కానుకొని నేలమీద, మే మిద్దరము తొట్టి దగ్గర. పత్రిక గట్టుమీద తెరచియుండును. మొన్న గోవా యింటి వరండాపై పసుపు మరక యొకటి పడినది. ఎవరి వ్రేలిదో తేలలేదు గాని, ఆ పుటను చూచి మా అమ్మ, “ఇప్పు డిది కాపురమున్న యిల్లులాగున్నది” అని, పుట త్రిప్పుమన్నది.